డ్రైవర్ వైపు తలుపు

కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఆవిడను వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవారు. కత్తెర ఆవిడ చేతిలోనే కాదు, నోట్లోనూ ఉందని వాళ్ల ఉద్దేశం. అలాంటి మనిషి కూడా తన అన్నయ్య ముందు మాత్రం నోరెత్తేది కాదు. ఆయన శుభ్రం అలాంటిది మరి. చొక్కా మడత నలగనివ్వడు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ తుడుచుకుని గానీ కూర్చోడు. ఇక ఆయన పాత కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఎక్కాలంటే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకోవాలి. పిల్లలు అందులో బిస్కెట్ ముక్క నోట్లో పెట్టుకోవడానికి వీల్లేదు. వీధివాళ్లు ఆయనకు 'కడిగిన ముత్యం' అని పేరు పెడితే, అది వెక్కిరింతని తెలియక మురిసిపోయేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చి, కారును చెల్లెలి షెడ్డులో నిలిపాడు.

"డ్రైవర్ వైపు అద్దం సగం దిగి ఆగిపోతోందే, కాస్త చూడు. అలాగే మీ వదిన కూర్చునే సీటు గుడ్డ పీకి పారేసి కొత్తది వెయ్యి. ఆ వాసన ఇక నావల్ల కాదు."

"ఏం వాసన అన్నయ్యా?"

"ఏం చెప్పమంటావ్? కొందరి ఒళ్లు అంతే. పాపం, తనేం చేస్తుందిలే!" అని నవ్వి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, క్షవరం చేయించుకోవడానికి వెళ్లాడు.

వదిన చిన్నపిల్లల బడిలో టీచరు. క్లాసులో గొంతెత్తితే గోడలు ప్రతిధ్వనించే మనిషి. ఆ మాటకు చీర కొంగు ఒంటి చుట్టూ బిగించుకుని, ఒక్క అడుగు వెనక్కి వేసింది, ఎవరికీ మరీ దగ్గరగా నిలబడకూడదన్నట్టు.

కత్తెరమ్మ ముందు ఆ సీటు గుడ్డే విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "వదినా, దీనికి సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు కదా!"

"కారెక్కే ముందు రెండోసారి స్నానం చేస్తాను," అంది వదిన మెల్లగా. "తలకు నూనె మానేశాను. ఆ మధ్య డాక్టరుకు కూడా చూపించుకున్నాను. ఆయనకు మాత్రం వస్తూనే ఉందట. అందుకే ఈమధ్య పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోవడమే మానుకున్నా."

కారులో వాసన ఉన్నమాట నిజమే. మురిగిన నీళ్లూ, కుళ్లిన మాంసమూ కలిసినట్టు ఉంది. కానీ గుడ్డ తీసేసినా అది తగ్గలేదు. కత్తెరమ్మ ముక్కు ఎగబీలుస్తూ కారు చుట్టూ తిరిగి, చివరికి డ్రైవర్ వైపు తలుపు దగ్గర ఆగింది.

"ఎలాగూ అద్దం బాగుచెయ్యాలిగా. పట్టు వదినా."

చేతిపట్టీ కింద స్క్రూలు రెండూ తుప్పు పట్టి మొరాయించాయి. నూనె చుక్క వేసి, కాసేపాగి తిప్పితే కదిలాయి. అద్దం తిప్పే పిడి వెనక సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది. పాత గుడ్డపీలిక ఒకటి పిడి వెనక్కి దూర్చి అటూ ఇటూ రాస్తే, అది టక్కున ఎగిరి నేల మీద పడింది. గొళ్లెం గుబ్బను మరను తిప్పినట్టు తిప్పి తీసింది. తలుపును లోపలివైపు కప్పే డోర్ ప్యాడ్ అంచు కింద చదునైన చెక్క దూర్చి, దాన్ని పట్టి ఉంచే బొత్తాలు ఒక్కొక్కటే ఊడదీసింది. పాతబడి పెళుసెక్కిన ప్లాస్టిక్, రెండు విరిగిపోయాయి కూడా. ఇద్దరూ కలిసి ప్యాడ్‌ను పైకెత్తి పక్కన పెట్టారు. లోపల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం ఉంది. కత్తెరమ్మ దాని మూల పట్టుకుని లాగింది.

గుప్పుమంది. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బొద్దింకలు జరజరా బయటికి పాకాయి. తలుపు రేకు పొట్టలో సగం దాకా చెత్త. నమిలి ఉమ్మిన చూయింగ్‌గమ్ ఉండలు, చివర పళ్ల పాచి ఎండిన టూత్‌పిక్కులు, చెవి గులిమి అంటుకున్న దూది పుల్లలు, చీమిడి ఎండి అట్టకట్టిన కాగితాలు, గోళ్లు. వాటి మధ్య నాకి పారేసిన మాంసపు ఎముకలు. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి, వాననీరంతా నల్లటి జావలా నిలిచింది. ఆ జావలో ఒక ఎలుక, తోక తప్ప ఇంకేదీ ఎలుకని చెప్పలేనట్టు.

కత్తెరమ్మ షెడ్డు వెనక్కి పరుగెత్తి, తాగిన టీ అంతా కక్కుకుని వచ్చింది. తిరిగొచ్చేసరికి వదిన వంగి చూస్తూ నిలబడి ఉంది. కొంగు ముక్కు మీద లేదు.

"ఇదా?" అంది. "ఇన్నేళ్లూ ఇదా?"

అప్పుడే అన్నయ్య వచ్చాడు. మెడ మీద పౌడరు, బుగ్గల మీద మెరుపు. తలుపు వైపు చూసి ముఖం చిట్లించాడు. "అబ్బా, ఏమిటే ఈ కంపు! ఆ మెకానిక్ వెధవలు ఏవేవో పడేసి ఉంటారు."

"మెకానిక్ వచ్చి నీ పళ్లలో పుల్ల పెట్టి కుట్టాడా?" అంది కత్తెరమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అద్దం పక్క సందులోంచి వేసేవాడివి కదా అన్నయ్యా?"

ఆయన ఇందులో తప్పేముందన్నట్టు అన్నాడు. "మరి కారులో పడెయ్యమంటావా? కారు పాడవకూడదనేగా అందులో వేసింది."

వదిన ఆయన వైపు తిరిగింది. "నా ఒళ్లన్నారు."

"నాకేం తెలుసు అక్కణ్ణించి వస్తోందని?"

"తెలియదు. తెలియకుండానే అన్నారు. మా అమ్మ ముందు అన్నారు, మా బడివాళ్ల ముందు అన్నారు. మీరు ఎముక నాకి సందులో పడేసి, మూతి తుడుచుకుని, నావైపు చూసి ముక్కు మూసుకున్నారు."

క్లాసులో వినిపించే గొంతు అది. ఎదురు దుకాణంవాడు తొంగి చూశాడు.

కత్తెరమ్మ ఒక తొట్టీ, రబ్బరు తొడుగులూ తెచ్చి అన్నయ్య కాళ్ల దగ్గర పెట్టింది. "నువ్వే తియ్యి. నేను ముట్టను."

"నేనా? ఈ బట్టలతోనా?"

కత్తెరమ్మ తొట్టిని కాలితో ఇంకాస్త దగ్గరికి నెట్టింది. ఆయన తీశాడు. తల పక్కకు తిప్పుకుని, డోకుతూ, పిడికిలి పిడికిలిగా తీశాడు. ఎలుక దగ్గరికి వచ్చేసరికి దుకాణంవాణ్ణి పిలిచి డబ్బులిస్తానన్నాడు. వాడు చేతులెత్తి దండం పెట్టి లోపలికి పోయాడు. చివరికి అదీ తనే తీశాడు. వదిన ఆ ఎలుక తొట్టిలో పడేదాకా ఉండి, సంచి భుజాన వేసుకుని, బస్సులో ఇంటికి వెళ్లింది.

కత్తెరమ్మ తలుపు కడిగి, ఎండబెట్టి, కొత్త బొత్తాలతో ప్యాడ్ బిగించింది. అద్దం పూర్తిగా దిగింది, వాసన పోయింది. వదిన మాత్రం మళ్లీ ఆ కారెక్కలేదు. ఎక్కడికైనా బస్సులోనే పోతోంది, మానేసిన పెళ్లిళ్లకు కూడా.

కొన్నాళ్లకు కత్తెరమ్మ అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఆయన కత్తిని కడిగి, తుడిచి, మళ్లీ కడిగి, జామకాయ ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి తెచ్చాడు. వేళ్లు తెల్లగా, గోళ్లు నున్నగా ఉన్నాయి. కత్తెరమ్మ ఆ వేళ్లనే చూసింది.

"తినవే, కడిగే తెచ్చాను," అన్నాడు.

"ఆకలి లేదన్నయ్యా," అని పళ్లెం దూరంగా జరిపింది.