ఆమె ముందుగాల మాట్లాడితే

కృష్ణప్రియకు, వదిన భవానికి మాటల్లేక ఏడాది దాటింది. గొడవ ఎంతదని? చుట్టాల ముందు భవాని, "మా ఆడబిడ్డకు చదువొచ్చు, చారు చేసుడు రాదు" అని నవ్వింది. అంతే. గోరంతను కొండంత చేసుకోవడం చదువుకున్నవాళ్లకు ఇంకా బాగా వస్తుంది. ఖాజాగూడలో రెండు గదుల ఇల్లు. ఒకరి మాట ఒకరికి చేరాలంటే మధ్యలో ఒకరికి అన్న, ఒకరికి మొగుడు అయిన నరేందర్ ఉండాల్సిందే. తినమను అని ఒకరు, ఆకలి లేదని చెప్పు అని ఇంకొకరు. పాపం, పగలంతా క్యాబ్ తోలి వచ్చి, ఇంట్లో వీళ్ల మాటలు మోసేవాడు.

పొద్దున చెల్లెల్ని హైటెక్ సిటీలో ఆఫీసు దగ్గర దింపేదీ అతనే. స్పానిష్ కస్టమర్లతో మాట్లాడే టీములో చేరాలంటే ఆమె పరీక్ష గట్టెక్కాలి. అందుకని కారులో క్రియాపదాలు వల్లె వేసేది. అబ్లార్ అంటే మాట్లాడడం. ఆ పదాన్ని చెక్కుచెదరకుండా ఉంచి చివర తోకలు తగిలించాలి: అబ్లారియా, అబ్లారియాస్, అబ్లారియా, అబ్లారియామోస్, అబ్లారియాయిస్, అబ్లారియాన్. నేను, నువ్వు, ఆమె, మేము, మీరు, వాళ్లు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, అంటే ఏందని అడిగాడు నరేందర్. షరతు ఉన్నప్పుడు వాడతారని, ఫలానాది జరిగితే నేను మాట్లాడతాను అన్నట్టని చెప్పింది.

"మీ వదినతోటి మాట్లాడరాదే, చెల్లె."

"అబ్లారియా," అంది ఆమె నవ్వుతూ. "ఆమె ముందుగాల మాట్లాడితే."

అతను నవ్వలేదు. గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చాడు.

ఆ వారమే, బండిలోనే, అతని గుండె ఆగిపోయింది. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు.

మూడో రోజు చెరువు పక్క బండల మీద పిట్టకు పెట్టారు. అన్నం, మటన్ కూర, అతనికిష్టమైన పచ్చిపులుసు విస్తట్లో వడ్డించారు. కాకి ముడితేనే పోయినవాడి మనసు కుదుటపడ్డట్టు. ఒక కాకి వచ్చి వాలింది గానీ విస్తరి వైపు చూడలేదు. వాని మనసులో ఏం కోరిక మిగిలిందో ఎరిగినవాళ్లు మాటివ్వండని పెదనాయన బాలనర్సయ్య అన్నాడు. అతని చిన్నబిడ్డను చదివిస్తామన్నారు. ఎల్లమ్మకు బోనం ఎత్తుతామన్నారు. కాకి కదల్లేదు. ఎండ ముదిరింది.

ఆ కోరికేదో కృష్ణప్రియకు తెలుసు. తనొక్కదానికే తెలుసనుకుంది. తను నవ్వుతూ అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. ఇప్పుడా షరతు ఎవరికి పెట్టాలి?

లేచి, కాకిని చూడకుండా, దూరంగా కొంగు కప్పుకుని కూర్చున్న భవాని దగ్గరికి వెళ్లింది. అతను పోయినప్పటి నుంచి మంచినీళ్లు తప్ప ముట్టలేదామె.

"వదినా, ఇంటికి పోదాం పా. జర ఇంత తిందువు."

భవాని తలెత్తింది.

"ఆమె ముందుగాల మాట్లాడితే మాట్లాడుతనని నేనన్న, మీ అన్నతోని. ఎన్నిసార్లడిగిండో. అడిగినప్పుడల్లా గదే మాటన్న."

ఇద్దరూ ఒకటే మాట అన్నారని అతనొక్కడికే తెలుసు. ఎవరి ముందూ ఎవరినీ చిన్నబుచ్చకుండా, దాన్ని తనలోనే దాచుకుని తిరిగాడు. కృష్ణప్రియకు గుండె చెరువైంది. వదిన ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

పిట్ట ముట్టిందని బాలనర్సయ్య కేకేస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ అటు తిరగలేదు.