గొన్‌రోకు ఒప్పుకున్న తప్పు

తడి కాగితాన్ని, బొమ్మ చెక్కి రంగు పూసిన చెక్క పలక మీద పరిచి, వెదురాకు చుట్టిన బిళ్ళతో రుద్దుతూ గొన్‌రోకు గొణుగుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు రుద్ది రుద్ది అతని కుడి భుజం ఎడమదానికంటే లావెక్కింది. బొమ్మ మీద గీసినవాడి పేరుంటుంది, అమ్మేవాడి ముద్ర ఉంటుంది. రుద్దినవాడి పేరు ఈ ఎడో పట్నంలో ఎవడిక్కావాలి?

కాగితం ఎత్తి చూశాడు. చచ్చిపోయిన దొర చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఏడు చలికాలాలు మంచులో కాపలా కూర్చున్న బంటు బొమ్మ అది. జనం కళ్లొత్తుకుంటూ కొంటారు. మంచు బాగుంది, చెప్పులు బాగున్నాయి. బంటు అంగీ చూసేసరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. కుడి అంచు పైకి వచ్చింది. జపానులో బతికున్నవాళ్లకు ఎడమ అంచే పైన ఉండాలి, అలా కట్టేది శవానికే.

ఈ పలక చెక్కినవాడు సందు అవతలి హికోజో. పలకలో అక్కడ పెచ్చు లేస్తే కొత్త ముక్క అతికాడు. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి తిరగేసి చెక్కాల్సిన అంచును, చూపు ఆనక, ఉన్నదున్నట్టే చెక్కేశాడు.

అంతలో బొమ్మల అంగడి గుమాస్తా దిగాడు.

"రెండొందల బొమ్మలూ అయ్యాయా మేస్త్రీ? ఆ హికోజో ముసలాయన మళ్లీ ఏమైనా తగలేశాడా? ఇంకొక్క తప్పు చేస్తే పని ఇవ్వనన్నారు మా యజమాని."

"వాడేం చేశాడు! నేనే కాగితం ఎక్కువ తడిపేశాను. పొద్దుగూకేలోగా ఇస్తా, పో."

"మీరు కూడానా! యజమానికి చెప్పాల్సి వస్తుంది."

"చెప్పుకో."

గుమాస్తా మలుపు తిరగగానే గొన్‌రోకు పలక చంకన పెట్టుకుని సందు దాటాడు.

"ఒరేయ్, బతికున్నవాణ్ణి పాడెక్కించావు కదరా!"

హికోజో పలకకు ముక్కు ఆనించి చూశాడు.

"గుడ్డివాణ్ణయిపోయానురా."

"ఇప్పుడు తెలిసిందా? తప్పు నామీద వేసుకున్నా. చెక్కు!"

"నీకు బుద్ధుందా? నా పేరు చెప్పొద్దూ?"

"నిన్ను మాన్పిస్తే నేనెవణ్ణి తిట్టనురా?"

హికోజో మరో ముక్క అతికాడు. పలక కదలకుండా గొన్‌రోకు పట్టుకున్నాడు, పట్టుకున్నంతసేపూ తిట్టాడు. ఉలి కుదురుగా సాగింది.

సాయంత్రానికి రెండొందలూ అంగడికి చేరాయి. గుమాస్తా చెక్కాల్సిన కొత్త బొమ్మ గీసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి, హికోజోకే ఇమ్మన్నాడు. గొన్‌రోకు దాన్ని పట్టుకుని సణుక్కుంటూ వెళ్లాడు.

హికోజో గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు.

"అప్పుడే నిద్రా దున్నపోతా? లే, పని తెచ్చా."

భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. అయినా గొన్‌రోకు కాసేపు తిడుతూనే ఉన్నాడు. తిట్లయిపోయాక ఏడ్చాడు.

హికోజో మోకాలి పక్కన, ఉలి నూరి నూరి నడుమ గుంట పడ్డ సానరాయి ఇంకా తడిగానే ఉంది.