వెనక సీటు కింద చప్పుడు

టైలరమ్మ తాళం సగం తిప్పి ఆగింది. అలా ఆగమని నేర్పింది మొగుడే. పాత కారు కదా, సగం తిప్పగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది, అది విన్నాకే పూర్తిగా తిప్పాలి అని ఆర్నెల్ల కిందట మొదటి పాఠం చెప్పాడు. ఆ పొద్దున మాత్రం ఏ చప్పుడూ రాలేదు. సరేలే అని పూర్తిగా తిప్పింది. ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు. నాలుగుసార్లు తిప్పినా అదే వరస.

అప్పటికి ఎనిమిదిన్నర. పదిన్నరకి డ్రైవింగు టెస్టు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి వెనక్కి పోనిస్తూ హద్దుకర్రని పడగొట్టింది, రెండోసారి మిట్ట మీద బండి ఆపేసుకుంది. లెర్నర్ లైసెన్సు గడువు ఇవాళ్టితో సరి. ఇది దాటితే మళ్లీ మొదటికొస్తుంది. బండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, ఆవిడ చేతికి అలవాటైంది ఈ ఒక్క కారే. కుట్టిన బట్టలు ఇళ్లకి చేర్చడానికి మొగుడికి తీరిక ఎప్పుడు దొరుకుతుందా, మనసెప్పుడు బాగుంటుందా అని ఇన్నేళ్లూ పడిగాపులు కాసింది. ఇంక తన వల్ల కాదు.

ఆవిడ మొగుడు మేస్త్రీ భుజాన తువ్వాలుతో బయటికొచ్చాడు. ముప్పై ఏళ్లు కార్ల రిపేరు షెడ్డు నడిపిన మనిషి. ఇంజను చప్పుడు విని రోగమేమిటో చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం. అయితే రెండేళ్లుగా చెవులు మొరాయిస్తున్నాయి. ఆయన టీవీ పెడితే వీధి చివరి కొట్టాయన కూడా వార్తలు వినేస్తాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నోరెత్తి ఎవరూ అనరు. ఒకసారి కూతురు చెవి డాక్టరు మాట ఎత్తినందుకు ఆయన రెండు పూటలు భోజనం మీద అలిగాడు.

బానెట్ ఎత్తాడు. ఇంజను అంత జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీకి ఢోకా లేదన్నాడు. ఒక ప్లగ్గు ఊడదీసి ఇంజను ఇనుముకి ఆనించి, ఆవిణ్ణి తాళం తిప్పమన్నాడు. ప్లగ్గు మొనన నీలం నిప్పురవ్వ టకటకా ఎగిరింది. నిప్పుకీ లోటు లేదు. ప్లగ్గు కొస తువ్వాలుకి తుడిచి చూశాడు. పొడిగా ఉంది. అన్నిసార్లు తిప్పినా పెట్రోలు తడి లేదంటే లోపలికి అది చేరడం లేదన్నమాట. అంతవరకు ఆయన లెక్క తప్పలేదు. తర్వాత వెనక తలుపు తీసి, తల వంచి, మళ్లీ తాళం సగం తిప్పమన్నాడు. ఆవిడ తిప్పింది. ఆయన రెండు సెకన్లు కళ్లు మూసుకుని తల ఊపాడు.

“పంపు బాగానే పలుకుతోంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోయాయి. రెండు రోజుల పని. టెస్టు మళ్లీ ఎప్పుడైనా చూసుకుందువుగాని.”

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఏం పలికింది, ఎక్కడ పలికింది? ఎదురింటి పిల్లి ఆవులించడం కూడా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. కానీ ఆయన అబద్ధం ఆడటం లేదు. వేల బళ్లలో విన్న చప్పుడు కదా, చెవికి చేరకపోయినా మనసే పలికించుకుంది. ఆ మాట పైకంటే ఆయన ముఖం చిన్నబోతుంది. అనకపోతే తన టెస్టు గంగపాలు. స్టీరింగు వదిలి వెనక్కి తిరిగింది.

“ఏవండీ, సీటు ఎత్తి పంపు మీద ఒక్కసారి చెయ్యి పెట్టండి.”

“విన్నానుగా. చెయ్యెందుకు?”

“నా కుట్టుమిషను మోటారు తిరుగుతోందో లేదో నేను చెవితో చూడను, చేత్తో చూస్తాను. నాకోసం పెట్టండి.”

గొణుక్కుంటూనే సీటు ఎత్తి, మూత విప్పి, అరచెయ్యి ఆనించాడు. ఆవిడ తాళం తిప్పింది. మళ్లీ తిప్పింది. మూడోసారికి ఆయన గొణుగుడు ఆగిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

“తిరగట్లేదు,” అన్నాడు నెమ్మదిగా.

నేను ముందే అనుకున్నాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఇప్పుడేం చెయ్యాలని మాత్రం అడిగింది.

పంపు చచ్చిందో, దానికి కరెంటు అందట్లేదో తేలాలి. డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టెలో చిన్న నల్ల రిలేలు ఉంటాయని, పంపుకి కరెంటు వదిలేది అందులో ఒకటని, హారన్‌దీ అచ్చం అలాంటిదేనని చెప్పాడు. ఆయన మోటు వేళ్లు ఆ ఇరుకులో పట్టలేదు. సూదిలో దారం ఎక్కించే వేళ్లు పట్టాయి. ఆవిడ రెండూ పీకి, హారన్‌ది తెచ్చి పంపు చోట నొక్కింది. ఆయన మళ్లీ వెనక్కెళ్లి చెయ్యి ఆనించాడు.

తాళం సగం తిరిగింది. గుయ్యి.

“వచ్చింది,” అని ఆవిడకన్నా ముందు ఆయనే అన్నాడు. మిగతా సగం తిప్పేసరికి కారు ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి.

పాడైంది రిలేనే; కొత్తది కొందామంటే విడిభాగాల కొట్టు పదకొండింటికి గానీ తీయరు. హారన్ లేకుండానే బయల్దేరారు.

టెస్టులో ఈసారి హద్దుకర్రలు వేటికవి నిలబడ్డాయి. మిట్ట మీద బండి ఆగిపోలేదు. ఆఖరి మలుపులో ఎవరో సైకిలాయన తీరిగ్గా అడ్డమొచ్చాడు. ఆవిడ చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోబోయి, గుర్తొచ్చి వెనక్కొచ్చింది. బ్రేకు తొక్కి, అతను దాటేదాకా ఆగింది. పక్కన కూర్చున్న అధికారి, పొద్దుట్నుంచీ ఇంతమందిని చూశాను, హారన్ కొట్టకుండా ఓపిక పట్టింది మీరొక్కరేనమ్మా అని మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఆవిడ నవ్వు రాకుండా పెదవులు బిగబట్టుకుంది.

టెస్టు మైదానం గేటు దగ్గర మేస్త్రీ తువ్వాలు నలుపుతూ నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన కారు ఆపి, దిగి, మెల్లగా చెప్పింది. ఆయన కాసేపు ఆవిడ పెదవులకేసి చూశాడు. ఎప్పట్లాగా ఆఁ ఆఁ అని తల ఊపేస్తాడనుకుంది. ఊపలేదు.

“నాకు వినపడలేదు. మళ్లీ చెప్పు.”

రెండేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, హారన్ లేని కారు పక్కన నిలబడి, మైదానంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా గొంతెత్తి చెప్పింది.

“పాసయ్యానండీ!”