విప్పకుండా తిరిగిచ్చిన నవల

ముడి మారింది.

సంపూర్ణ పుస్తకాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పి చూసింది. పొరపాటు లేదు. ఇది సుకుమార్ వేసిన ముడి కాదు.

సుకుమార్ ఆమె భర్త. డీసీఎం వ్యాన్ డ్రైవర్. పోయిన మిర్చి సీజన్‌లో జూలూరుపాడు నుంచి ఖమ్మం మార్కెట్ యార్డుకు బస్తాలు తీసుకుపోతుంటే, అడవి మలుపులో వ్యాన్ బోల్తా పడి చనిపోయాడు. ఏడాది దాటింది. ఆ ఏడాదంతా సంపూర్ణ పొద్దున్నే లేచింది, వండింది, కారేపల్లి గ్రంథాలయం తాళం తీసింది, సాయంత్రం వేసింది. కూరలో ఉప్పు వేసిందో లేదో తిన్నాక కూడా తెలిసేది కాదు. ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానని చెప్పేది. అది అబద్ధమేమీ కాదు. ఎక్కడా నొప్పి లేదు మరి.

ఈ లోకంలో ఆమె కాపలా కాస్తున్నది ఆ ముడి ఒక్కదాన్నే.

కౌంటర్ పక్కన ఒక బల్ల ఉంది. చదివినవాళ్ళకు నచ్చిన నవలలు దాని మీద నిలబెడతారు. అట్ట మీద చీటీ, చీటీ మీద బాగుందని చెప్పినవాళ్ళ పేరు. సంపూర్ణ ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టిన పద్ధతి అది. డిటెక్టివ్ నవలలతోనే చిక్కొచ్చింది. ఎవడో ఒకడు మొదటి పేజీలోనే పెన్నుతో ‘హంతకుడు వంటవాడు’ అని రాసి పెట్టేవాడు. దానికి సుకుమార్ ఒక ఉపాయం చెప్పాడు. మిర్చి బస్తాలు కుట్టే సుతిలి తాడు తెచ్చి, చివరి అధ్యాయాన్ని వెనక అట్టతో కలిపి పొట్లంలా కట్టేశాడు. ఇక ఆట మొదలైంది. సుతిలి దాకా చదవాలి. పుస్తకం చెప్పినవాళ్ళ దగ్గరికెళ్ళి హంతకుడెవరో చెప్పాలి. తప్పయితే వాళ్ళే ముడి విప్పి ఇస్తారు, చదువుకోవచ్చు. ఒప్పయితే విప్పకూడదు. పుస్తకాన్ని అలాగే తిరిగివ్వాలి. కారేపల్లిలో విప్పకుండా తిరిగివ్వడమంటే పెద్ద పేరు.

‘గేటు పడ్డాక’ సుకుమార్ చెప్పిన ఆఖరి నవల. రైల్వే గేటు దగ్గర ఒక హత్య. నలుగురి మీద అనుమానం. చనిపోయిన రోజు పొద్దున షర్టు గుండీలు పెట్టుకుంటూ హంతకుడెవరని సంపూర్ణను అడిగాడు. ఇంకా కొంచెం ఉంది, వచ్చినంక చెప్తానంది. మధ్యాహ్నానికి సుతిలి దాకా చదివేసింది. జవాబు దొరికింది. తర్వాత ఫోన్ వచ్చింది.

ఆ జవాబు ఆమె ఎవరికీ చెప్పలేదు. వినాల్సిన మనిషి లేడు. అందుకే ముడీ విప్పలేదు.

ఇప్పుడెవరో విప్పారు.

సుకుమార్‌ది లోడు కట్టే డ్రైవర్ ముడి. ఎంత బరువు పడినా సడలదు, కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడుతుంది. ఇది వేరు. అణిగి ఉంది, కొసను లోపలికి దోపారు. సంపూర్ణ సుతిలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. తుమ్ము వచ్చింది. పాత సుతిలికి ఏడాదిలో ఘాటు పోయింది. ఇది ఈ సీజన్ మిర్చి.

అటెండర్ జంపయ్యను పిలిచింది. అడగగానే అతను ఒప్పుకున్నాడు. సంపూర్ణ భర్త ఏడాది జ్ఞాపకార్థ కూడిక కోసం సెలవు పెట్టినప్పుడు, మిర్చి తోట ఆదెమ్మ వచ్చి ఆ పుస్తకం తీసుకుందట. మళ్ళీ ఆమే తెచ్చి బల్ల మీద పెట్టిందట.

“పుస్తకం చెప్పినాయన లేడు గదా. జవాబు ఎవలకు చెప్తదని అడగలేదా?”

“అడిగిన మేడం. నేనూ ఇయ్యాల్నో రేపో పోయేదాన్నే, పైకి పోయినంక ఆయనకే చెప్తనన్నది.” జంపయ్య తల గోక్కున్నాడు. “గట్లంటే నేనేమంటా?”

సంపూర్ణ పుస్తకాన్ని సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. తొందర పడక తప్పదు. మర్నాడు స్టాక్ చెకింగ్ ఉంది. ఖమ్మం నుంచి ఆఫీసర్ వస్తాడు. పేజీలు చినిగినవి, ఊడినవి పక్కన తీసి తుక్కుకు పంపుతారు. సుతిలి విప్పినప్పుడు లోపలేమైనా చెడిపోయి ఉంటే ‘గేటు పడ్డాక’ రేపటితో సరి.

ఆదెమ్మ కల్లంలో పరదా మీద మిరపకాయలు తిరగేయిస్తోంది. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా ఆమె మాట తీరు మారలేదు. విప్పకుండా తిరిగిచ్చిన పుస్తకాల లెక్కలో ఊరందరికంటే ముందుంది. సంచిలోంచి పుస్తకం బయటికి రాగానే ఆమె కూలీలను మంచినీళ్ళకు పంపేసింది.

“నేనే కోశాను,” అంది.

సంపూర్ణ నీడలో ఉన్న బస్తా మీద కూర్చుంది.

ఆదెమ్మ దాచలేదు. డాక్టరే హంతకుడని తేల్చుకుందట. ఒప్పో తప్పో చెప్పేవాడు లేకపోయేసరికి నిద్ర పట్టలేదట. పోయినవాడి ముడి విప్పడానికి చెయ్యి రాక, ముడిని వదిలి పక్కన సుతిలిని కోసిందట. తిరిగి కట్టేటప్పుడు తనకు వచ్చింది బస్తా మూతి ముడే. గుర్తుపడతావనుకోలేదు అంది.

“చివర్లో ఏముంది?” సంపూర్ణ అడిగింది. తన గొంతు తనకే పక్కింట్లోంచి వినిపించినట్టుంది.

“ఏమీ లేదమ్మాయ్.”

“ఏమీ లేకపోవుడేంది?”

“ఆఖరి అధ్యాయమే లేదు. ఎప్పుడో ఊడిపోయింది. ఆ చోట తెల్ల కాగితాలున్నాయి. కొలిచి, కత్తిరించి, ఎంత మందం ఉండాలో అంతా పెట్టాడు నీ మొగుడు.”

“ఏమన్న రాసి ఉన్నదా?”

“ఒక్క అక్షరం లేదు. ఎండలో పట్టుకుని కూడా చూశాను. రాసుంటే అప్పుడే నీ దగ్గరికి రానా?”

సంపూర్ణ ఎదురుగా ఉన్న ఎరుపును చూస్తూ కూర్చుంది. ఆ చివరి నెల సుకుమార్ ఖమ్మం వెళ్ళినప్పుడల్లా ఆలస్యంగా వచ్చేవాడు. పాత పుస్తకాల దుకాణాలు తిరుగుతున్నానన్నాడు. ఏం వెతుకుతున్నవంటే దొరికితే చెప్తానన్నాడు. అతనికి ఆ నవల ఇంకో ప్రతి దొరకలేదు. తను చదవడం మొదలుపెట్టేసింది. అప్పుడు ఈ తెల్ల కాగితాలు పెట్టి కట్టేశాడు.

“నువ్వెవరి పేరు చెప్పినా ఒప్పే అనేవాడు,” ఆదెమ్మ అంది. “ఒప్పంటే ఇక నువ్వు విప్పవు గదా. లోపలేముందో ఎప్పటికీ తెలియదు.”

“అంటే మోసం చేసిండు.”

“మొగుళ్ళు చేసేదే. ఇది కొంచెం నయం రకం.”

ఏడుపు రావాల్సిన చోటు ఇదేనని సంపూర్ణకు అనిపించింది. కాసేపు ఎదురుచూసింది. రాలేదు. మిర్చి ఘాటుకు ముక్కు కారింది, అంతే.

ఆదెమ్మ ఇంట్లోకి వెళ్ళి ఒక అగ్గిపెట్టె తెచ్చింది. అందులో బెత్తెడు సుతిలి ముక్క. మధ్యలో సుకుమార్ ముడి, చెక్కుచెదరకుండా. ఇద్దామంటే ధైర్యం చాలలేదమ్మా అంటూ సంపూర్ణ చేతిలో పెట్టింది. హంతకుడు ఎవరనుకున్నావని అడిగింది కూడా. సంపూర్ణ అగ్గిపెట్టెను పర్సులో వేసుకుని ఆటో కోసం రోడ్డెక్కింది.

మర్నాడు ఆఫీసర్ అనిల్‌కుమార్ పొద్దున్నే వచ్చాడు. పని తెలిసిన మనిషి. బీరువాలు ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చాడు. చినిగినవన్నీ జంపయ్య గుమ్మం పక్కన కుప్ప పోశాడు. చివరికి బల్ల దగ్గరికి వచ్చి, సరిగ్గా దాన్నే చేతిలోకి తీసుకున్నాడు.

ఈ తాడేమిటన్నాడు. సంపూర్ణ ఆట గురించి చెప్పింది. బాగుందిగానీ పేజీలు చూడకుండా ఎలా రాసుకోవాలి అంటూ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. దానికి చిన్న కత్తి ఉంది. కత్తి సుతిలి కిందికి దూరింది.

ఒక్క పోగు తెగింది.

తెల్ల కాగితాలు బయటపడితే పుస్తకం కుప్పలోకి పోతుంది. మధ్యాహ్నానికి కుప్ప వ్యాన్‌లోకి పోతుంది. సుకుమార్ ఆమెతో ఆడాలనుకున్న ఆఖరి ఆట దాంతోపాటే పోతుంది. ఏడాదిలో మొదటిసారి సంపూర్ణకు ఒకటి కావాలనిపించింది. ఆ కత్తి ఆగాలి.

“సార్, మీరు ఈ నవల చదివిన్రా?”

అతను ఆగాడు. అట్ట చూశాడు. కథేమిటన్నాడు. రైల్వే గేటు, వాన, గేటు అవతల ఆగిన అంబాసిడర్ కారు, అందులో శవం అని సంపూర్ణ చెబుతుంటే అతని ముఖం మారింది. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో టార్చిలైటు పెట్టుకుని చదివానన్నాడు. డాక్టరు, కాంట్రాక్టరు, గేట్‌మన్, స్టేషన్ మాస్టర్ భార్య అని అనుమానితులను తనే వరసగా చెప్పాడు.

చివరి అధ్యాయం తెలిసిన మనిషి ఎదురుగా నిలబడ్డాడు.

“అయితే హంతకుడెవరు సార్?”

“కాంట్రాక్టర్. రెయిన్ కోటు లోపల తడిసి ఉంటుంది, దాంతో పట్టుకుంటారు.” కత్తి గాల్లో ఆగింది. “అవునా? రెయిన్ కోటు ఇంకో నవల్లోదా? అప్పట్లో రోజుకొకటి చదివేవాళ్ళం, అన్నీ కలిసిపోయాయి. మీరే చెప్పండి.”

ఇందులోనూ రెయిన్ కోటు ఉంది. కానీ అది గేట్‌మన్‌ది. ఆ సంగతి సంపూర్ణ చెప్పలేదు.

“మీరు చెప్పిందే కరెక్ట్ సార్.”

అనిల్‌కుమార్ నవ్వాడు. ఆ నవ్వులో ఇంటర్ కుర్రాడు కనిపించాడు. ఒప్పు చెప్పినోళ్ళు విప్పొద్దు సార్, మా దగ్గర గదే రూల్ అని జంపయ్య వెనక నుంచి అందించాడు. అతను కత్తి మడిచి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, లెక్కలో ‘ఉంది’ అని రాసుకున్నాడు. వ్యాన్ కదులుతుంటే కూడా కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

లోపలికొచ్చి సంపూర్ణ అట్ట మీద చీటీ సరిచేసింది. సుకుమార్ పేరు కింద తన పేరు రాసింది. ఇకముందు ఈ పుస్తకం జవాబులు తనే వింటుంది.

జంపయ్య ఊడుస్తూ ఆగాడు. “మేడం, నేను గేట్‌మన్ అనుకున్న.”

“కరెక్టే.”

“సార్‌కు కాంట్రాక్టర్ అంటే కరెక్ట్ అన్నరు గదా?”

“అవ్.”

అతను చీపురు గోడకు ఆనించాడు. “మీరెవలనుకున్నరు మరి?”

పర్సులో అగ్గిపెట్టె ఉంది. సంపూర్ణ ముడిని బయటికి తీసింది. కొస ఆమె వేళ్ళ మధ్యే ఉంది. ఒక్క గుంజు గుంజితే చాలు.

“స్టేషన్ మాస్టర్ భార్య,” అంది. ఏడాది కింద సిద్ధం చేసుకున్న మాట. బయటికి వచ్చాక చాలా చిన్నగా వినిపించింది.

“అయితే గదే కరెక్టుంటది మేడం,” అన్నాడు జంపయ్య చీపురు అందుకుంటూ. “మీకంటే బాగ ఎవలు చదివిన్రు?”

సంపూర్ణ కొస వదిలేసింది. ముడిని అగ్గిపెట్టెలో పెట్టి మూసింది.

భోజనం వేళ దాటిపోయింది. టిఫిన్ డబ్బా తెరిచి పప్పన్నం కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

“జంపయ్యా, మంచినీళ్ళియ్యి,” అంది. “ఉప్పు బాగ ఎక్కువైంది.”