గరిటె చప్పుడు

అద్దం మీద పేరుకున్న నాచు గీకుతూ గాజన్న పళ్ళు నూరుకుంటున్నాడు. సముద్రం అడుగున ఉన్న ఆ పరిశోధనశాల కిటికీని బయటి నుంచి తుడిచేది అతనే. అందుకే ఆ పేరు. కాసేపట్లో ఆ కిటికీలోంచి బడిపిల్లలకు పాఠం ప్రసారమవుతుంది. పాఠం చెప్పే మేడం లోపల కెమెరా సర్దుకుంటోంది.

పిల్లలు చూసేది మేడంని కాదు, తాతయ్యని. మూతి వేలాడేసుకుని తిరిగే దున్నపోతంత చేప. గాజన్న గరిటెతో అద్దం మీద కొడితే చాలు, రాళ్ళ సందులోంచి వచ్చి అతని చేతిలో మేత తింటుంది. మచ్చిక చెయ్యమన్నది మేడం, చేసింది అతను. నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా అన్నానికి పిలిచావా అని భార్య దెప్పితే మురిసిపోయేవాడు.

ఈమధ్య బల్లేలు పట్టుకుని మునిగే వేటగాళ్ళు హద్దు దాటి వస్తున్నారు. పారిపోవాల్సిన చేప వాళ్ళకు ఎదురెళ్తోంది. మేత మానేద్దామని గాజన్న మొత్తుకున్నాడు. తాతయ్య లేకపోతే పాఠం ఎవరు చూస్తారని మేడం కొట్టిపారేసింది.

పాఠం మొదలైంది. గాజన్న గరిటెతో కొట్టాడు. రాలేదు. మళ్ళీ కొట్టాడు.

వచ్చింది. ఓ పక్కకు ఒరిగి, తోక ఈడ్చుకుంటూ. డొక్కలో విరిగిన ఇనప బల్లెం. అయినా తిన్నగా అతని చేతి దగ్గరికే వచ్చింది.

"అడ్డం నిలబడు గాజన్నా," చెవిలో మేడం గొంతు. "పిల్లలకు కనపడనీకు."

అతనికి ఒళ్ళు మండిపోయింది. పక్కకు జరిగాడు. అతని హెల్మెట్లోని మైకు ఇంకా పాఠం ప్రసారానికి కలిపే ఉంది.

"బాగా చూడండి పిల్లలూ. పొడిచింది ఎవడో. మనిషంటే దీనికి భయం పోగొట్టింది మాత్రం మేమే. మేడం చెప్పింది, నేను చేశాను."

ప్రసారం ఆగిపోయింది. చేప అతని అరచేతికి మూతి ఆనించింది. మొప్పలు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి. మళ్ళీ తెరుచుకోలేదు.

చెవిలో మళ్ళీ మేడం గొంతు. "రాళ్ళ దగ్గర ఇంకో చిన్నది తిరుగుతోంది కదా. దాన్ని మెల్లగా..."

"ఇంకెవడినైనా చూసుకోండి. నేను పోతున్నా."

"నీ ఇష్టం. గరిటె అక్కడే ఉంచి వెళ్ళు. అది ల్యాబ్ సొత్తు."

ఉంచాడు. నాచు తుడిచే గుడ్డని గరిటె తలకు చుట్టి, ముడి మీద ముడి బిగించి, కిటికీ పక్కనున్న కొక్కేనికి తగిలించి పైకి ఈదాడు. మళ్ళీ దిగలేదు.

నీళ్ళు కదిలినప్పుడల్లా గరిటె ఊగి అద్దానికి తగులుతోంది, చప్పుడు లేకుండా.