పై తూము దగ్గర అన్న మాట

తెల్లవారగానే లియోరా హేబర్ పాత ట్రక్కు కాలువ గట్టు వెంట బయల్దేరుతుంది. కొలరాడో కొండల దిగువన ఉన్న క్లోవర్ బెంచ్ కాలువ కంపెనీకి ఆమె లష్కరు. తూములకు అడ్డంపడ్డ నాచునూ కంపనూ దంతెతో లాగి పారేస్తుంది. వంతు వచ్చిన రైతుకు నీళ్లు విడుస్తుంది. వంతు అయిపోయిన తూము దించి తాళం వేస్తుంది. ఎవరు బతిమాలినా, ఎవరు కసిరినా వంతు మార్చదు.

కంపెనీకీ నగరానికీ తాతల నాటి ఒప్పందం ఒకటుంది. కొండవాగు మీది పై తూము దగ్గర, కంపెనీకి రావలసిన మంచినీళ్లు నగరం తాగడానికి తీసుకుంటుంది. వాడిన నీళ్లను శుద్ధి చేసి, తీసుకున్నంతా కింది కాలువలో వదులుతుంది. పైరుకు కొండనీళ్లే కావాలన్న పట్టింపు లేదు. న్యాయమైన ఒప్పందమే.

నగరం నుంచి వచ్చే నీళ్లు మాట్లాడతాయి. ఏ కుళాయి కింద ఎవరు ఏమన్నారో అదే చేలో బోదెల వెంట వినిపిస్తుంది. అల్లుడి మీద విసుగు, పిల్లలను పళ్లు తోముకోమనే అరుపులు, ఎవరిదో కూనిరాగం. రైతులు కప్పల అరుపు విన్నట్టే విని ఊరుకుంటారు. విన్నది బయట అనకూడదని కట్టుబాటు. అంతకన్నా గట్టి కట్టుబాటు, పై తూము దగ్గర నోరు విప్పకూడదని. అక్కడ అన్న మాట నగరంలో ప్రతి కుళాయిలోంచీ వస్తుంది. ఒకరు తాగే నీళ్లలో మన మాట కలపడం తప్పు.

ఆగస్టులో ఒకనాడు కోన్రాడ్ అనే రైతు మొక్కజొన్నకు నీళ్లు పెడుతుంటే, లియోరా పక్కనే ఉండగా, బోదెలో ఓ ముసలాయన గొంతు వచ్చింది.

"ఒక్క పళ్లెం. దీనికో కడుగుడు. శనివారం నుంచి తిండి మానేస్తే ఈ పనీ ఉండదు. అడిగేదెవరు గనక."

కోన్రాడ్ పార పక్కన పెట్టాడు. "విన్నావా లియోరా? నిరుడు ఆ ఇంట్లో ఇద్దరి మాట వినపడేది."

"ఏ ఇల్లో తెలిస్తే వెళ్లి తలుపు కొట్టేదాన్ని."

"అంత నగరంలో ఏ తలుపని కొడతావు? మనకెందుకులే."

"మనకెందుకైతే నీ చేలోకెందుకొచ్చింది?"

కోన్రాడ్ మళ్లీ పార అందుకున్నాడు.

లియోరా పై తూము దగ్గరికి వెళ్లింది. ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా నీళ్ల మీదికి వంగింది.

"ఒక్క పళ్లెం కడుక్కునే పెద్దాయనా! శనివారం క్లోవర్ బెంచ్‌లో ఉల్లి పీకుతున్నాం. మనుషులు చాలడం లేదు. రండి. తిండి మాది."

శనివారం పొద్దున్నే కంపెనీ అధ్యక్షుడు ఎల్డన్ రూపర్ట్ ఉల్లి చేను గట్టున కాచుకుని ఉన్నాడు.

"ఒళ్లంతా సబ్బు పూసుకున్నవాడికి కూడా నీ ఉల్లిపాయల కబురు వినపడిందట! నగరం వాళ్లు నన్ను దులిపేశారు. ఏం చెప్పుకుంటావు?"

"ఏమీ లేదు. కట్టుబాటు తప్పాను." తాళాల గుత్తి అతని చేతిలో పెట్టింది. ఉద్దేశం మంచిదైనా తప్పుకు శిక్ష పడాల్సిందేనని ఆమె నమ్మకం.

ఇంతలో ఒక కారు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగా గట్టు పొడవునా కార్లే. ముసలివాళ్లు, భార్య పోయినవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోని ఒక నర్సు, గడ్డం గీసుకోని ఓ కుర్రవాడు. ఎవరికి వారు తమనే పిలిచారనుకున్నారు.

"ఇంతమందినా పిలిచింది?" అన్నాడు ఎల్డన్.

"ఒక్కరినే పిలిచాను."

ఎల్డన్ వాళ్లను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత కేకేశాడు. "నిలబడి చూస్తే ఉల్లి దానంతటది లేచి రాదు! సంచులు అందుకోండి!"

తాళాలు మాత్రం తిరిగివ్వలేదు. ఆమె అడగనూ లేదు. అందరితోపాటు సాలులోకి దిగింది. పక్క సాలులో ఓ ముసలాయన వంగి తంటాలు పడుతున్నాడు.

"అమ్మా, కాడ పట్టి లాగాలా, గడ్డ కింద చెయ్యి పెట్టాలా?"

ఆ గొంతు ఆమెకు తెలుసు.

"కాడ పట్టి లాగండి. మన్ను దులిపి పక్కన పడుకోబెట్టండి."

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. ఆమె గొంతు ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన ఒక గడ్డ లాగాడు, ఇంకోటి లాగాడు. ఒరుసుకుపోయిన అరచేతులు చూసుకున్నాడు.

"సోమవారం కూడా ఉంటుందా పని?"

"ఉంటుంది."

"అయితే చేతి తొడుగులు కొనుక్కోవాలి," అన్నాడు.