హుడాక్ వారి ఐదు సీట్లు

హెరాన్స్ బేస్‌బాల్ జట్టు ఓడిపోతున్నది తన వల్లనేనని టెస్సీ హుడాక్‌కు తొమ్మిదో ఏట తెలిసింది. ఆ సంగతి చెప్పినవాడు కన్నతండ్రే కనుక అనుమానించడానికి వీల్లేకపోయింది.

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆష్‌బీ ఊరి జట్టు అది. హెరాన్స్ అంటే కొంగలు. ఆ పేరు పెట్టినవాళ్ళు కొంగలను అవమానించారని ఊళ్ళో కొందరి అభిప్రాయం. కొంగలు జపం చేస్తున్నట్టు నటించి చివరికి చేపనైనా పట్టుకుంటాయి. మన ఆటగాళ్ళు జపం వరకే నేర్చుకున్నారు. బంతి పక్కనుంచి పోతుంటే భక్తిగా సాగనంపేవారు.

అయినా 1964 వేసవిలో ఎమిల్ హుడాక్ ఇంటిల్లిపాదికీ ఐదు సీట్లు ఏడాది మొత్తానికీ కొనేశాడు. టైర్ల ఫ్యాక్టరీలో ముప్ఫై మందిని నడిపించే ఫోర్‌మన్ ఆయన. మూడో బేస్ వెనకాల ఏడో వరసలో కూర్చుని మైదానంలోని తొమ్మిది మందినీ కూడా నడిపించాలని చూసేవాడు. ఆయన సలహాలు వాళ్ళకు స్పష్టంగా వినబడేవి. ఆ మాటకొస్తే సరస్సు అవతల కెనడా వాళ్ళకూ వినబడే ఉంటాయి. కెనడా వాళ్ళు పాటించారేమో తెలియదు గాని హెరాన్స్ మాత్రం పాటించలేదు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా స్టేడియానికే ప్రయాణం. నానమ్మ జుజానా గసగసాల రొట్టె చుట్టలు గుడ్డలో కట్టి తెచ్చేది. అమ్మ ఐరీన్ అల్లిక తెచ్చుకునేది. పదమూడేళ్ళ అన్న నార్బర్ట్ ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు.

జూన్ మొదటి ఆదివారం, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడో ఇన్నింగ్స్‌లో, హెరాన్స్ పొరపాటున రెండు పరుగులు ముందున్నారు. టెస్సీ బూటు లేసు కట్టుకోవడానికి వంగింది. అదే క్షణంలో అవతలి జట్టువాడు బంతిని గోడ దాటించాడు. ముగ్గురు బేస్‌ల మీద ఉన్నారేమో, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు.

ఎమిల్ మైదానం వైపు చూడలేదు. కూతురి వైపు చూశాడు.

"నువ్వు వంగావు."

"లేసు ఊడింది నాన్నా."

"పోయినవారం కూడా వంగావు. వేరుశనక్కాయ కింద పడిందని. అప్పుడూ ఇంతే అయింది."

"ఆ బంతి వేసినవాడు వంగలేదా ఎమిల్? వాడు వంగే కదా వేసింది?" అంది ఐరీన్, అల్లిక మీంచి తల ఎత్తకుండా.

"నీకు ఆట తెలీదు. ఊరుకో."

మరుసటి ఆదివారం తీర్పు అమలైంది. టెస్సీని కారులోనే ఉండమన్నారు. కిటికీలు తెరిచి, బొమ్మల పుస్తకాలు మూడు ఇచ్చి, రేడియో పెట్టి, "ఇది శిక్ష కాదే తల్లీ, జట్టు కోసం త్యాగం," అని తండ్రి తల నిమిరి వెళ్ళాడు. త్యాగం చేసేవాళ్ళను ముందుగా అడగాలన్న ఆచారం వాళ్ళింట్లో లేదు. వెనక సీట్లో కూర్చుని ఆ పిల్ల ఏడ్చింది. జనం కేక వేసినప్పుడల్లా, తను లేనందుకే వాళ్ళంత సంతోషంగా ఉన్నారనుకుంది.

ఆ రోజు హెరాన్స్ గెలిచారు. ఐదో ఇన్నింగ్స్ అయ్యాక కుండపోతగా వాన పడి ఆట ఆగిపోయింది, అప్పటికి వీళ్ళు ఒక్క పరుగు ముందున్నారు కనుక గెలుపు వీళ్ళకే రాశారు. ఎమిల్ దృష్టిలో వానకు ఇందులో ఏ సంబంధమూ లేదు.

"చూశారా?" అన్నాడు ఇంటికెళ్ళే దారి పొడుగునా. ఎవరూ ఏమీ చూడలేదు, వాన తప్ప.

ఆ తర్వాతి వారం టెస్సీ కారులో ఉండగానే తొమ్మిది ఒకటి తేడాతో ఓడిపోయారు. మామూలు మనిషైతే సిద్ధాంతం తప్పనుకునేవాడు. ఎమిల్ ఫోర్‌మన్ కనుక, సిద్ధాంతం సరైనదే, నేరస్థుడు మరొకడున్నాడని తేల్చాడు. నార్బర్ట్ మూడుసార్లు ఆవలించాడట. రెండో ఆవలింతకే ఐదు పరుగులు పోయాయట. నార్బర్ట్ ఒక్క మాట ఎదురాడకుండా కారులోకి వచ్చి చెల్లెలి పక్కన కాళ్ళు చాపాడు.

"ఆవలిస్తే చాలని ముందే తెలిస్తే ఏప్రిల్లోనే ఆవలించేవాణ్ణి," అన్నాడు.

తర్వాతి వంతు నానమ్మది. ఆమె జపమాల తిప్పుతూ పెదవులు కదుపుతుంటే ఎమిల్‌కు అనుమానం వచ్చింది.

"అమ్మా, ఎవరి కోసం ప్రార్థిస్తున్నావ్?"

"పిల్లల కోసంరా."

"ఏ పిల్లల కోసం?"

"అందరి కోసం. ఆ ఎర్ర చొక్కాల వాళ్ళ కోసం కూడా. వాళ్ళనీ ఏదో తల్లి కన్నదేగా?"

"అమ్మా! వాళ్ళు అవతలి జట్టు!"

"ఐతే మాత్రం? ఎండలో అంతసేపు నిలబడి ఎలా మాడిపోతున్నారో చూడు."

దేవుడు ఆమె మాట బాగానే విన్నాడు. ఎర్ర చొక్కాల వాళ్ళు పదకొండు పరుగులు చేశారు. నానమ్మ తన రొట్టెల మూటతో, జపమాలతో, మెత్తటి దిండుతో సహా కారులోకి మారింది. దాంతో కారు హోదా పెరిగింది. ముందు సీటు మీద గుడ్డ పరిచి రొట్టెలు, ఊరబెట్టిన దోసకాయలు, చల్లారిన సాసేజీలు పెట్టి, చిన్నప్పుడు ఐరోపాలోని తమ స్లొవాక్ పల్లెలో మేకలు చర్చిలో దూరిన కథ చెప్పింది. నార్బర్ట్ నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాడు. తను వెలి అయిన సంగతే టెస్సీకి గుర్తు లేకుండా పోయింది.

ఆగస్టు మధ్యలో ఐరీన్ తనంతట తానే లేచింది.

"నేను కూడా వెళ్తా. ఎలాగూ వచ్చేవారం నా వంతేగా."

"నిన్నేం అనలేదే!"

"అనేదాకా ఆగడమెందుకు? అక్కడ మీ అమ్మ మేకల కథ చెప్తోందట. ఇక్కడ నాకు కనిపిస్తున్నవీ మేకలే, కాకపోతే కథ లేదు."

అలా ఎమిల్ ఐదు సీట్ల మధ్య ఒక్కడే మహారాజులా మిగిలాడు. అపశకునాలన్నీ తొలగిపోయాయి. అడ్డు చెప్పే మనిషి లేడు, ఆవలించే మనిషి లేడు. హెరాన్స్ పద్నాలుగు సున్నా తేడాతో ఓడిపోయారు.

ఆయన మెల్లగా నడుచుకుంటూ కారు దగ్గరికొచ్చేసరికి నలుగురూ ఎదురుచూస్తున్నారు. రేడియో అంతా చెప్పేసింది.

"ఒరేయ్ ఎమిల్," అంది నానమ్మ, నోట్లో రొట్టె నమిలి మింగాక. "ఇంక మిగిలిందెవర్రా?"

ఎమిల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు సరిగా ఉన్నాయో లేదో చూసి, ఏమీ వినబడనట్టు ఎక్కి కూర్చున్నాడు. సగం దారిలో, "అదంతా వేరే విషయం," అన్నాడు. ఏది వేరే విషయమో చెప్పలేదు.

మరుసటి ఆదివారం సీజన్‌లో ఆఖరి ఆట. పార్కింగ్‌లో కారు ఆపగానే ఐరీన్ తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టి మరీ చెప్పింది. "జట్టు కోసం త్యాగం, ఎమిల్." ఆయన టెస్సీ ముఖం చూశాడు. ఆ పిల్ల ఆయన చేతికి బొమ్మల పుస్తకాలు మూడు అందించింది. వాటిని తీసుకోక తప్పలేదు.

ఏడో వరసలో ఆ రోజు నిశ్శబ్దం. చుట్టుపక్కల వాళ్ళు, "మీ ఆయన బాగానే ఉన్నారా?" అని పరామర్శించారు. మూడో బేస్ ఆటగాడు సైతం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, చెవులు ఖాళీగా ఉండి తోచక కాబోలు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా హెరాన్స్ మూడు పరుగులు వెనకే ఉన్నారు. తొమ్మిదోదానిలో, ఎవరికీ అంతుపట్టని విధంగా, ముగ్గురు బేస్‌ల మీదికి చేరారు. అప్పుడు గస్ ప్రిబిల్ బ్యాట్ పట్టుకొచ్చాడు. వేసవంతా బంతికి బ్యాట్ తగిలించని లావుపాటి క్యాచర్, బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని బంతులు పట్టేవాడు. నార్బర్ట్ ఇంటికి పోదామని లేచాడు. నానమ్మ కళ్ళు మూసుకుని ఎవరి కోసమో ప్రార్థించింది. టెస్సీ కళ్ళు మూసుకోలేదు.

గస్ కొట్టాడు. బంతి గోడ దాటి, సబ్బుల ప్రకటన దాటి, రైలు పట్టాల వైపు పోయింది. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు, హెరాన్స్ గెలిచారు. అంత పెద్ద కేక ఆష్‌బీలో యుద్ధం ముగిసిన రోజు తర్వాత మళ్ళీ పుట్టలేదని నానమ్మ అంది.

కారు దగ్గర ఎమిల్ బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"ఏమైంది? ఎవరు కొట్టారు? కేక విన్నాను. మనవాళ్ళేనా?"

"రేడియో లేదా?" అంది ఐరీన్.

"ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కారు బ్యాటరీ చచ్చిపోయింది. అన్ని వారాలూ మీరు వాయించి వాయించి చంపారు. ఎవరైనా చెప్పండర్రా!"

టెస్సీ కారు తలుపు తీసి, వెనక సీట్లో తన పాత చోట్లో కూర్చుంది. గౌను సర్దుకుంది.

"నేను చెప్తా. కానీ ముందు నువ్వు చెప్పు నాన్నా. మనం ఓడిపోయింది నా వల్లనా?"

ఎమిల్ భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు.

"కాదు," అన్నాడు.

"వినబడలేదు. నువ్వు ఆటగాళ్ళకి చెప్తావే, అలా చెప్పు."

పార్కింగ్‌లో జనమంతా తిరిగి చూసేలా అరిచాడు ఎమిల్. "నీ వల్ల కాదే తల్లీ! వాళ్ళకి ఆడటం రాకే ఓడిపోయారు!"

అది ఆ వేసవిలో ఆయన చెప్పిన మొదటి సరైన సంగతి. అప్పుడు టెస్సీ మొదలుపెట్టింది. తొమ్మిదో ఇన్నింగ్స్ నుంచి కాదు, మొదటి బంతి నుంచి. ఎలాగూ తీగలు తగిలించి బ్యాటరీని లేపడానికి మరో కారు దొరికేదాకా కదలడానికి లేదు. ఎమిల్ నేల మీద గొంతుక్కూర్చుని, కూతురి ముఖంలోకి కళ్ళప్పగించి విన్నాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. గస్ ప్రిబిల్ దగ్గరికి వచ్చేసరికి టెస్సీ ఆగి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు పూర్తిగా తాగింది.

"తర్వాత?" అన్నాడు ఎమిల్, చిన్నపిల్లవాడిలా.